న్యూజెర్సీ బేస్‌మెంట్‌లో మిరప నారు: హీట్ మ్యాట్, థర్మోస్టాట్, డోమ్ ట్రే కిట్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌లో డబ్బు పెట్టదగ్గవి రెండే, ట్రే కింద పరిచి మట్టిని వెచ్చబెట్టే హీట్ మ్యాట్, ఆ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్. ప్లాస్టిక్ ట్రే, పైన మూత (డోమ్), గింజ వేసే పీట్ పెల్లెట్లనే నొక్కిన బిళ్లలు, స్ప్రే బాటిల్, పేర్లు రాసుకునే పుల్లలు లాంటివన్నీ ఇంట్లో ఉన్నవాటితో సర్దుకోవచ్చు. ఏ బ్రాండ్ అని అడగకండి. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరికేవన్నీ ఇంచుమించు ఒకటే, 10 బై 20 అంగుళాల నల్లటి పలుచని చాప, ఒక మూల నుంచి వైరు, మధ్యలో ఓ చిన్న డిజిటల్ డబ్బా. కాబట్టి ఇది ఒక కంపెనీ మీద రివ్యూ కాదు, ఈ తరహా కిట్ మీద, పనిలో పనిగా గింజలు మొలకెత్తించడం మీద.

అసలు ఇది ఎందుకు కొనాలి? న్యూజెర్సీలో మా ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఏప్రిల్ చివరి దాకా రాత్రిళ్లు మొక్కని చంపేసేంత చలి పడుతుంది, అందుకే ఇక్కడ పాతకాపులెవరూ మదర్స్ డే (మే రెండో ఆదివారం) వెళ్లే దాకా మిరప, వంగ మొక్కలు నేలలో పెట్టరు. అప్పటికి మిరప నారుకి 8 నుంచి 10 వారాల వయసు ఉండాలి, లేకపోతే కాయ ఎర్రబడేలోపే అక్టోబర్ వచ్చేస్తుంది. అంటే మార్చి మొదట్లోనే గింజ వెయ్యాలి. మార్చిలో పైన హాల్లో హీటర్ 68 ఫారెన్‌హీట్‌కి పెట్టుకున్నా కింద బేస్‌మెంట్ 60 దాటదు, తడి మట్టి దానికంటే ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది.

ఈ రెండు మూడు డిగ్రీల దగ్గరే అంతా ఉంది. ఇక్కడి యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్ వాళ్లు, అంటే రైతులకి, తోటలవాళ్లకి సలహాలిచ్చే విభాగం వాళ్లు, పంచే పట్టికల్లో ఏ గింజకి ఎంత వేడిలో ఎన్ని రోజులో ఉంటుంది. మిరప 59 ఫారెన్‌హీట్‌లో, అంటే 15 సెల్సియస్‌లో, మొలకెత్తడానికి 25 రోజులు తీసుకుంటుంది. అదే గింజకి 77లో 8 రోజులు చాలు. బెండ అయితే మరీ, 59లో 27 రోజులు, 86లో 7 రోజులు. మట్టి 50కి దిగితే మిరప అసలు లేవదు. మూడు వారాలు చల్లటి తడి మట్టిలో పడున్న గింజ చాలాసార్లు మొలిచేలోపే కుళ్ళిపోతుంది, మనమేమో గింజలు మంచివి కావని అమ్మినవాణ్ని తిట్టుకుంటాం. గుంటూరు వైపు జూలై, ఆగస్టుల్లో నారుమడి పోసేవాళ్లకి ఈ బాధే లేదు, అక్కడ రాత్రి కూడా మట్టి వెచ్చగానే ఉంటుంది, వాళ్ల బాధంతా వానలది, నారుకుళ్ళుది. మనవాళ్లు చాలామంది అక్కడి అలవాటుతోనే ఇక్కడ గింజ వేసి, నీళ్లు పోసి, ఎదురుచూస్తూ కూర్చుంటారు.

మ్యాట్ పనితనం బావుంది. థర్మోస్టాట్ లేకుండా నేరుగా ప్లగ్‌లో పెడితే గది వేడి కంటే 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ ఇస్తుందని డబ్బా మీద ఉంటుంది, నిజంగానే అంతే ఇస్తుంది. 60 ఉన్న బేస్‌మెంట్‌లో అది సరిపోతుంది. కానీ అదే మ్యాట్‌ని ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే మధ్యాహ్నం 90 దాటిపోతుంది, అందుకే థర్మోస్టాట్ తప్పనిసరి, విడిగా కొన్నా సరే. నేను మిరపకి, వంగకి 80 దగ్గర పెడతాను. కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఈ సైజు మ్యాట్ 20 వాట్లు, రెండు వారాలు ఆగకుండా నడిచినా 7 యూనిట్లు కాదు.

థర్మోస్టాట్‌తో వచ్చే కాగితంలో సరిగ్గా చెప్పని విషయం ఒకటుంది. ప్రోబ్, అంటే వేడిని కొలిచే వైరు మొన, ఎక్కడ పెడుతున్నామన్నది. దాన్ని మ్యాట్ మీద నేరుగా ఆనిస్తే మ్యాట్ వేడినే చూసుకుని తొందరగా ఆపేస్తుంది, పైన మట్టి చల్లగానే ఉంటుంది. గాలిలో వేలాడితే గది చలిని చూసి ఆపకుండా నడిపిస్తూనే ఉంటుంది, మట్టి వేడి మీద అదుపే ఉండదు. ట్రే మధ్య గడిలో, గింజ ఎంత లోతులో ఉందో అంతే లోతున, తడి మట్టిలో గుచ్చాలి. వైరు బరువుకి అది పైకి లేచి వచ్చేస్తుంటుంది. ట్రే అంచుకి ఓ బట్టల క్లిప్‌తో వైరుని పట్టించాను, తర్వాత గోల లేదు. ఇంకోటి, సిమెంటు నేల మీద మ్యాట్ పరిస్తే సగం వేడి నేలే తాగేస్తుంది, కింద అమెజాన్ అట్టపెట్టె ఒకటి చింపి పరవండి. ట్రే అంచు గళ్ళు మధ్య గళ్ళ కంటే చల్లగా ఉంటాయి కాబట్టి టమాటా లాంటి తేలికవి అంచున, మిరప మధ్యలో.

ఇక డోమ్ సంగతి. కిట్‌తో వచ్చేది 2 అంగుళాల ఎత్తు మూత. మిరపకి పర్లేదు, సొర, బీర మాత్రం లేచిన రెండో రోజుకే తల కొట్టుకుంటాయి. 7 అంగుళాల మూతలు విడిగా దొరుకుతాయి గానీ నన్నడిగితే అనవసరం, తీగజాతికి మూత అవసరమే లేదు. మూత పని తేమ పోకుండా కాపాడటం, అది మొలక వచ్చే దాకానే. సగం గళ్ళలో ఆకుపచ్చ కనిపించగానే తీసి పక్కన పడెయ్యాలి. లోపల చుక్కలు కారుతూ చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని అలాగే వదిలేస్తే రాత్రికి రాత్రి నారుకుళ్ళు పట్టుకుంటుంది, కాడ మట్టిని తాకే చోట సన్నగా దారంలా నొక్కుకుపోయి మొక్క పక్కకి వాలిపోతుంది. ఒకసారి వాలిందంటే ఇక లేవదు, పక్క గడికి కూడా పాకుతుంది. దాల్చినచెక్క పొడి చల్లమని చాలామంది చెప్తారు, నాకు పెద్ద నమ్మకం లేదు. కొత్త మట్టి, కింద నుంచి నీళ్లు, ట్రే వైపు తిప్పి పెట్టిన చిన్న ఫ్యాను, ఇవి చాలు. పోయినేడాది కుండీలో మట్టి మాత్రం నారుకి వాడొద్దు.

పీట్ పెల్లెట్ల మీద నాకు కోపం ఉంది. గోరువెచ్చటి నీళ్లు పోస్తే ఉబ్బి లేచే తమాషా పిల్లలకి నచ్చుతుంది, అంతవరకే. మ్యాట్ మీద అవి కింద నుంచి ఆరిపోతాయి, పైన తడిగా కనిపిస్తూ లోపల పొడిగా ఉంటాయి, అది తెలిసేసరికి మొలక వాడిపోయి ఉంటుంది. చుట్టూ ఉండే వల కరిగిపోతుందని ప్యాకెట్ మీద రాసినా ఆగస్టులో మొక్క పీకి చూస్తే వల వలలాగే ఉంది, వేళ్లు లోపలే తిరుగుతున్నాయి. వాడితే నాటేటప్పుడు కత్తెరతో ఆ వల తీసెయ్యండి. అంతకంటే సీడ్ స్టార్టింగ్ మిక్స్ బస్తా ఒకటి కొని, పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పెట్టుకుంటే నయం. మన ఇళ్లల్లో పెరుగు డబ్బాలకి కొదవేముంది. ట్రే కూడా నాసిరకం, నీళ్లతో ఒక చేత్తో ఎత్తితే మధ్యలో వంగిపోతుంది. కింద ఇంకో ట్రే పెట్టుకుని రెండూ కలిపి ఎత్తాలి.

ఈ సరుకుల కింద రివ్యూలు చదువుతుంటే ఒక సంగతి గమనించాను. ఇంత ఓపిగ్గా, ఫొటోలు పెట్టి, డిగ్రీలతో సహా రాసేవాళ్లలో గంజాయి గింజలు మొలకెత్తించేవాళ్లు చాలామంది. కొలరాడో, మిచిగన్ లాంటి చోట్ల ఇంట్లో కొన్ని మొక్కలకి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి వాళ్లు బాహాటంగానే రాసుకుంటారు. మా న్యూజెర్సీలో 21 నిండినవాళ్లు దుకాణంలో కొనుక్కోవచ్చు గానీ ఇంట్లో ఒక్క మొక్క కూడా పెంచకూడదు. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా దాని జోలికి పోకపోవడమే మంచిది. మన కాకర గింజకి మాత్రం ఆ రివ్యూలవాళ్లు చెప్పే పేపర్ టవల్ పద్ధతి చక్కగా పనికొస్తుంది.

కాకర మామూలుగా మట్టిలో వేస్తే ఇక్కడ సగం లేవవు. తొక్క గట్టిది, చలికి ఇంకా మొండికేస్తుంది. నేను చేసేది ఇదీ. గింజ మొన పక్కన అంచుని నెయిల్ కట్టర్‌తో కొంచెం, లోపల పప్పుకి తగలకుండా, టక్‌మనిపించి, రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో వెయ్యాలి. పొద్దున్నే పేపర్ టవల్ తడిపి, చుక్క కారకుండా పిండి, ఆ మడతలో గింజలు ఒకదానికొకటి తగలకుండా పరిచి జిప్ కవర్‌లో పెట్టాలి. కవర్ పూర్తిగా నొక్కేయొద్దు, లోపల కాస్త గాలి ఉండాలి. దాన్ని మ్యాట్ మీద నేరుగా కాదు, మధ్యలో ఓ చేతి తుండు మడిచి దాని మీద. ఈసారి ప్రోబ్ ఆ కవర్ కిందే ఉండాలి. రోజూ ఒకసారి తెరిచి చూడాలి, గాలి మారినట్టూ ఉంటుంది. తొక్క నెర్రె ఇచ్చి తెల్లటి మొన కనిపిస్తుంది, అది బియ్యపు గింజంత పొడవు కాగానే కుండీలోకి మార్చెయ్యాలి. ఇంకో రోజు చూద్దాంలే అనుకుంటే వేరు పేపర్ పీచులోకి దూరిపోతుంది. దూరిందే అనుకోండి, లాగొద్దు, ఆ ముక్క కాగితం కత్తిరించి దాంతోపాటే నాటెయ్యండి. పట్టుకునేటప్పుడు ఎప్పుడూ తొక్కనే పట్టుకోవాలి, వేరుని కాదు, వేరు కిందికి ఉండేలా సెంటీమీటర్ లోతున పెట్టి పైన మట్టి వదులుగా కప్పాలి. కొన్నిటికి మొలక పైకొచ్చాక కూడా తొక్క ఊడదు, ఆకుల మీద టోపీ పెట్టుకున్నట్టు ఉండిపోతుంది. గట్టిగా పీకకుండా ఓ చుక్క నీళ్లు వేసి కాసేపు నాననిచ్చి మెల్లగా జార్చండి.

సొర, బీర, పొట్ల, దోస అన్నిటికీ ఇదే పద్ధతి, అంచు కత్తిరించే పని దోసకి అక్కర్లేదు. కాకపోతే తీగజాతిని మార్చిలో మొదలెట్టకండి, నాటడానికి మూడు నాలుగు వారాల ముందు చాలు, వాటికి వేరు కదిలిస్తే పడదు, కాబట్టి మొదటి నుంచీ కాస్త పెద్ద కుండీలోనే. దొండ గింజల కోసం వెతికేవాళ్లకి, వెతకొద్దు, దొండ తీగ ముక్కతో వస్తుంది, మీ ఊళ్లో ఏదో ఒక తెలుగువాళ్లింట్లో ఉండే ఉంటుంది, అడిగితే కాదనరు.

పాత గింజలున్నవాళ్లకి కూడా ఈ పేపర్ టవలే మంచి పరీక్ష. పది గింజలు పెట్టి ఎన్ని లేచాయో చూసుకుంటే ట్రే మొత్తం నింపి మోసపోయే పని ఉండదు. ఇక్కడ ప్యాకెట్ మీద ఏ సంవత్సరానికి ప్యాక్ చేశారో ఉంటుంది, అది చూసి కొనండి. మొలక శాతానికి ఇక్కడి ఫెడరల్ ప్రమాణమే మిరపకి 55, బెండకి 50, టమాటాకి 75. ఇండియాలో కూడా మిరప విత్తనానికి కనీస మొలక శాతం 60 మాత్రమే. అంటే పది గింజల్లో నాలుగు లేవకపోయినా అది నాసిరకం కిందికి రాదు. గడికి రెండేసి గింజలు వేసి, రెండూ లేస్తే బలహీనమైనదాన్ని మట్టి దగ్గర కత్తెరతో కత్తిరించండి, పీకితే రెండోదాని వేరు కూడా వస్తుంది.

గింజలెక్కడ కొనాలన్న దానికి ఒక హెచ్చరిక. పేరు చెప్పను గానీ ఆన్‌లైన్‌లో ఒకచోట కరివేపాకు గింజలని ఎండిన నల్ల గింజలు అమ్మారు, నేనూ కొన్నాను. హీట్ మ్యాట్ కాదు కదా ఏదీ వాటిని మొలిపించలేదు, ఎందుకంటే కరివేపాకు గింజ ఎండితే చచ్చినట్టే. పండిన కాయ తెచ్చి, గుజ్జు కడిగేసి, తాజాగా వెయ్యాలి. డబ్బు వెనక్కి అడిగితే వాతావరణం వల్ల అయ్యుంటుందని జవాబొచ్చింది. ఎండిన కరివేపాకు గింజలు ఎవరు అమ్మినా కొనకండి. మొక్కే కొనుక్కోండి, అది కూడా వేరే రాష్ట్రం నుంచి ఎవరైనా పోస్టులో పంపుతామంటే ఆలోచించండి, నిమ్మజాతి చెట్లకి జబ్బు మోసే పురుగు కరివేపాకు మీద కూడా ఉంటుందని కొన్ని రాష్ట్రాల నుంచి దాని రవాణా మీద ఆంక్షలున్నాయి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు అమ్మ పొట్లం కట్టిచ్చిన గింజల గురించి కూడా అడుగుతుంటారు. సూట్‌కేసులో మూలకి పెట్టి తెచ్చేవాళ్లున్నారు, అది తప్పు. గింజలతో పాటు వాటికి తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, లేదా కొన్ని రకాలకి తక్కువ మోతాదులో తెచ్చుకోవడానికి యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఇచ్చే పర్మిట్ ముందే తీసుకోవాలి, ఏదైనా సరే ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చెయ్యాలి. గుంటూరు దగ్గర లాం ఫారం పరిశోధన కేంద్రం వాళ్ల ఎల్‌సీఏ 334 రకం మిరపే కావాలని పట్టుబడితే ఈ దారి తప్పదు. లేదంటే ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ దుకాణాల్లో వసంతంలో గింజల ర్యాక్ పెడతారు, గోంగూర, తోటకూర, కాకర అన్నీ దొరుకుతాయి, సంవత్సరం మాత్రం చూసుకోండి. కిరాణా షాపులో కొన్న ఎండుమిర్చి గింజలు వేసి చూశానని కొందరంటారు. ఎండలో ఎండబెట్టినవి లేస్తాయి, యంత్రంలో గట్టి వేడి మీద ఎండబెట్టినవి లేవవు. లేచినా హైబ్రిడ్ అయితే తల్లి కాయలాంటి కాయ రాదు.

మ్యాట్ అన్నిటికీ పనికొస్తుందనుకోవద్దు. కొత్తిమీరకి చల్లదనమే ఇష్టం, ధనియాన్ని రెండుగా నలిపి, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కాబట్టి, ఏప్రిల్‌లో నేరుగా బయట చల్లితే చాలు. పాలకూరని మ్యాట్ మీద పెడితే అది మొలవనని మొరాయిస్తుంది. గోంగూరకి, తోటకూరకి ఇంత హంగామా దండగ, మే చివర్లో నేల వెచ్చబడ్డాక వేస్తే వద్దన్నా లేస్తాయి. మొత్తం కలిపి మీరు పెంచేది నాలుగు మిరప మొక్కలే అయితే ఈ కిట్ కొనకండి, మే నెలలో ఇండియన్ షాపుల బయట నారు అమ్ముతారు, నాలుగైదు డాలర్లకి ఒక మొక్క, సుఖం. పది పదిహేను మొక్కలు, రెండు మూడు రకాలు, పక్కింటివాళ్లకి కూడా అనుకుంటే మాత్రం మొదటి ఏడే డబ్బు తిరిగొచ్చేస్తుంది.

మొలక వచ్చాక మ్యాట్ మీద ఉంచకూడదన్నది చాలామందికి తెలియదు. కింద వేడి, పైన వెలుతురు చాలకపోవడం, రెండూ కలిస్తే మొక్క సన్నగా పొడుగ్గా సాగి పడిపోతుంది. మార్చి నెల కిటికీ వెలుతురు సరిపోదు. మామూలు నాలుగడుగుల ఎల్ఈడీ షాప్ లైట్ ఒకటి, గొలుసుతో వేలాడదీసి ఆకులకి రెండు మూడు అంగుళాల ఎత్తులో, రోజుకి 14 నుంచి 16 గంటలు. ఊదా రంగు గ్రో లైట్లు కొనక్కర్లేదు, ఆ రంగులో మొక్కకి జబ్బొచ్చినా కనపడదు.

థర్మోస్టాట్‌కి ఐదుకి ఐదు, మ్యాట్‌కి నాలుగున్నర, వైరు ఇంకో రెండడుగులు పొడుగుండాల్సింది. ట్రేకి, మూతకి రెండు. పెల్లెట్లకి ఒకటి, అది కూడా పిల్లలు ఆడుకున్నందుకు.

అన్నట్టు ఏప్రిల్ తర్వాత మ్యాట్ అటకెక్కుతుంది కదా, నవంబర్‌లో దించండి. ఇక్కడి చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదని ఓవెన్ లైటు వేసి రాత్రంతా ఉంచే బాధ తప్పుతుంది. మ్యాట్ తుడిచి, తుండు పరిచి, గిన్నె పెట్టి, ప్రోబ్‌ని గిన్నె పక్కకి ఆనించి పైన ఇంకో తుండు కప్పి 88కి పెడితే పొద్దున్నకి మూత తోసుకుని వస్తుంది. పెరుగు తోడుకి ఇంకాస్త వేడి కావాలి, నా థర్మోస్టాట్ 108 దాకా వెళ్తుంది గానీ చల్లటి గదిలో మ్యాట్ అంత వేడి ఇవ్వలేదు. మా ఆవిడ అయితే దీన్ని పిండి మ్యాట్ అనే అంటుంది, మార్చిలో నేను నారుకని తీసుకెళ్తే గొడవ పెట్టుకుంటుంది, అందుకే రెండోది కొన్నాం.